కొసరు మాట

బేరానికి కూర్చునే ముందు చేతిలో ఏముందో చూసుకోవాలి. మల్లికార్జున చూసుకున్నాడు. నాటింగ్‌హామ్‌లో లెక్కల డిగ్రీ మొదటి ఏడు చదివి క్లాసు మొత్తానికీ పైన నిలిచిన కొడుకు ఒకడు. ఆ కొడుకు నోటికి పొద్దున కారులో ఎక్కించిన అబద్ధం ఒకటి. ఆ అబద్ధాన్ని మోయడానికి, తను చెప్పినట్టే కళ్ళద్దాలు తీసేసి, పక్క కుర్చీలో కూర్చున్న భార్య రత్నకుమారి. సరుకు ఇంతే. దీంతో కొనవలసింది ఈ రాతిగోడల యూనివర్సిటీలో రెండో సంవత్సరం సీటు. బయటి కాలేజీల నుంచి ఏడాదికి ఒకరినో ఇద్దరినో తీసుకుంటారు, కొన్నేళ్ళు అసలు ఎవరినీ తీసుకోరు. ఆదర్శ్‌కి ఇస్తామన్నారు. ఇస్తామన్న చెయ్యి పోయిన వారం వెనక్కి లాక్కున్నారు. ఇవాళ వాణ్ణి పిలిపించి, ఈ తలుపు అవతల కూర్చోబెట్టి అడుగుతున్నారు. గంటలో తేలుతుంది. జూన్ ఎండకు గది ఉడికిపోతోందేమో, తలుపు కింద చెక్కముక్క దూర్చి బెత్తెడు సందు వదిలారు, ఆ సందులోంచి మాటలు వస్తున్నాయి, కిటికీ బయట గడ్డి కోసే మిషను దగ్గరికి వచ్చినప్పుడు మునిగిపోతున్నాయి, అది దూరం పోగానే మళ్ళీ తేలుతున్నాయి. వరండా పొడుగునా మైనం రాసిన నేల వాసన. గోడల మీద నల్లకోట్ల పెద్దమనుషుల పటాలు, ఒక్కడూ నవ్వడు. మల్లికార్జునకు వాళ్ళను చూస్తే భయం వేయలేదు. కొనేవాడి మొహం వేరు, ఊరికే చూసిపోయేవాడి మొహం వేరు, రెండూ అతను కౌంటర్ వెనక నుంచి చాలా చూశాడు. ఇవి అమ్మేవాళ్ళ మొహాలు. తమ కొట్టు ముందు క్యూ ఎన్నడూ తగ్గదని తెలిసినవాళ్ళ మొహాలు. అలాంటి చోట బేరమాడకూడదు, ఒప్పుకున్నట్టే తల వంచి, కావలసింది తీసుకుని బయటపడాలి.

గురువు దగ్గరికి వట్టి చేతులతో పోకూడదు. దేవుడి దగ్గరికీ, పసిబిడ్డ దగ్గరికీ, గురువు దగ్గరికీ. ఇది మల్లికార్జున పుట్టించిన నియమం కాదు. ప్రొద్దుటూరులో బట్టలంగడి నడిపిన తండ్రి రామలింగయ్య, కొడుకును కాలేజీలో చేర్చిన మర్నాడు ప్రిన్సిపాలు ఇంటికి పంచెల చాపు పంపాడు. ప్రిన్సిపాలు భార్య, చాపు తెచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చి పంపింది. ఇచ్చినవాడు లంచమనుకోలేదు, పుచ్చుకున్నవాడూ అనుకోలేదు, అసలు అప్పటికి అడ్మిషను అయిపోయింది కూడా. అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఇక్కడికి వచ్చినా ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఈ దేశంలో యూనివర్సిటీ మారాలంటే పాత యూనివర్సిటీ ట్యూటరే మంచిమాట రాసి పంపాలని విన్న రోజు అతనికి అన్నం సహించలేదు. తన మందలో బాగా బలిసిన గొర్రెను పక్కవాడి మందలోకి తోలమని ఏ కాపరి రాస్తాడు? రాయించుకోవాలి. బీరువాలో వెండి గిన్నె ఉంది, రత్నకుమారి పుట్టింటిది, ఆదర్శ్‌కి అన్నప్రాశన చేసిన గిన్నె. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి రంగుకాగితం సంచిలో పెడుతుంటే ఆమె చూసింది. "ఇయ్యొద్దండీ. ఈడ ఇట్ల ఇస్తే తప్పు పడతారు. ఆమె రాసేదుంటే వాని మార్కులు చూసే రాస్తాది" అంది. "నువ్వు గమ్మునుండు, నీకు తెలీదు" అన్నాడు. తీసుకెళ్ళిన రోజు ఆ ట్యూటరు, డాక్టర్ హ్యూస్, సీట్లో లేదు. రిసెప్షన్‌లో తల ఎత్తి కూడా చూడని అమ్మాయి చేతికిచ్చి, కార్డు మీద 'గౌరవంతో, ఆదర్శ్ కుటుంబం' అని రాశాడు. ఒక్కడి పేరు మీద ఏదీ రాయకూడదన్నది వ్యాపారంలో మొదటి పాఠం. అది ఇప్పుడు పనికొస్తోంది. ఎందుకంటే ఆ గిన్నె ఎవరు ఇచ్చారో ఈ లోకంలో ముగ్గురికే తెలుసు, ఆ ముగ్గురూ ఈ తలుపుకు అటూ ఇటూ ఉన్నారు.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా చేదు. డాక్టర్ హ్యూస్ అప్పటికే రాసి పంపేసింది. ఇన్నేళ్ళలో ఇలాంటి విద్యార్థిని చూడలేదని రాసిందట. కొనేసిన సరుకుకు తిరిగి వెళ్ళి మళ్ళీ వెల చెల్లించినట్టయింది, ఆ రెండో చెల్లింపే ముంచింది. గిన్నె చూడగానే ఆమె తన డిపార్ట్‌మెంటుకు చెప్పింది, చెప్పకపోతే ఆమె ఉద్యోగానికి ముప్పు. గిన్నెను వెనక్కి పంపింది, ఈ యూనివర్సిటీకి కూడా ఒక ముక్క రాసింది. కుటుంబం నుంచి వెండి వస్తువు వచ్చిందని, విద్యార్థికి తెలుసో లేదో తనకు తెలియదని. ఆ ముక్క మీదే ఇవాళ్టి పిలుపు. ఆ కబురు వచ్చిన రోజు ఆదర్శ్ కొట్టుకు వచ్చాడు, చింతపండు పెట్టెలు దించుతున్న తండ్రి ముందు నిలబడి, పెద్దగా కూడా అనలేదు, "యూ హావ్ ఫినిష్డ్ మీ, డాడ్" అని వెళ్ళిపోయాడు. వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. తల్లితోనే తిండి, తల్లితోనే మాట, వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని, ఇంగ్లిషులో, తను అడుగు పెడితే ఆగిపోయే మాటలు. ఆ వారమంతా మల్లికార్జున ఒకటే ఆలోచించాడు. నష్టం వచ్చేసింది, దాన్ని ఎవరి పద్దు కింద రాస్తే తక్కువ కనిపిస్తుంది?

కారు మోటార్‌వే ఎక్కాక చెప్పాడు. "అమ్మ ఇచ్చిందని చెప్పు."

"వై మమ్?" అన్నాడు ఆదర్శ్, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. వారం తర్వాత తండ్రితో మొదటి మాట అది.

"నేను ఇరవై ఏండ్లుగా ఈడ వ్యాపారం చేస్తాండా. కౌన్సిల్ లైసెన్సు ఉండాది, ట్యాక్సు కడతాండా. నాకు రూల్సు తెలీదంటే వాళ్ళు నవ్వుతారు. తెలిసి ఇస్తే లంచం నాయనా, తెలీక ఇస్తే ఆచారం. మీ అమ్మకు ఇంగ్లిషు రాదు, చదువు లేదు, ఊరి అలవాటు కొద్దీ ఇచ్చింది. అడిగితే అంతే చెప్పు, ఎవురేమంటారు?"

వెనక సీట్లోంచి రత్నకుమారి, "నాకు ఇంగ్లిషు రాదా?" అంది.

"ఈ ఒక్కపూటకు రాదు."

"దట్ మేక్స్ సెన్స్, మమ్" అన్నాడు ఆదర్శ్. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టాడు. "జస్ట్ టెన్ మినిట్స్."

కిటికీ బయట ఆవపూల పొలాలు పోయాయి, గాలిమరలు పోయాయి. అప్పుడు ఆమె అంది, "కళ్ళద్దాలు కూడా తీసేయమంటారా? చదువుకున్న దాని మాదిరి కనపడతానేమో." ఎత్తిపొడుపు అని మల్లికార్జునకు తెలుసు. కానీ పొడవడానికి దూసిన కత్తి అయినా ఉల్లిపాయ తరగడానికి పనికొస్తుంది. "అదీ మంచిమాటే, తీసెయ్" అన్నాడు. ఆదర్శ్ నవ్వాడు, ఆ నవ్వు తండ్రి వైపు తిరిగి నవ్వాడు. ఎన్నేళ్ళయింది వీడు నా మాటకు నవ్వి అనుకున్నాడు మల్లికార్జున. స్టీరింగ్ పట్టుకున్న చేతులకు ఏదో బలం వచ్చినట్టయింది. ముందు సీట్లలో ఇద్దరు, వెనక ఒకరు. ఇన్నాళ్ళూ ఈ లెక్క ఎప్పుడూ తిరగబడే ఉండేది.

ఇప్పుడు ఆమె చేతులు ఒడిలో ఉన్నాయి. వేళ్ళకు కరివేపాకు వాసన, ఎంత సబ్బు రుద్దినా పోదు, ఇరవై ఏళ్ళుగా కట్టలు కట్టిన వేళ్ళు. కళ్ళద్దాలు లేని కళ్ళు ఎదుటి గోడను చూస్తున్నాయి. పటాల్లో పెద్దమనుషులు ఆమెకు నల్లటి మచ్చల్లా కనిపిస్తూ ఉంటారు. తిరుపతిలో ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. సంబంధం చూడటానికి పోయినప్పుడు రామలింగయ్య ఇంటికి వచ్చి భార్య కాంతంతో, "లెక్కలు చదివిన పిల్ల, గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే నయాపైసా పోదు" అన్నాడు. పోలేదు. ఇక్కడ కొట్టు పెట్టిన నాటినుంచి గల్లా దగ్గర ఒక్కనాడు కూడా తేడా రాలేదు. ఆదర్శ్‌కి ఐదేళ్ళప్పుడు ఆమె టీచర్ ట్రైనింగ్‌కి పెట్టుకుంది, తనంతట తనే ఇంటర్వ్యూకి పోయి వచ్చింది, సీటు కూడా వచ్చింది. ఆ రోజు ఆమె కొట్టు మధ్యలో నిలబడి ఆ సంగతి చెప్పిన తీరు మల్లికార్జునకు గుర్తుంది, ఊపిరి అందనట్టు, కొత్తగా ఈత వచ్చిన పిల్లలా. అతను వద్దనలేదు. ఒక్కసారి కూడా వద్దనలేదు. మంచిది అన్నాడు, మిఠాయి తిన్నాడు, మర్నాడు ఎవరు ఏ రోజు ఏ పనో రోటా రాసి గోడకు అంటించాడు. అందులో సోమవారం నుంచి శనివారం దాకా గల్లా దగ్గర ఆమె పేరే ఉంది. ఆమె ఆ కాగితం ముందు కాసేపు నిలబడింది. ఇంకో మనిషిని పెట్టుకుందామా అని అడిగింది. పెట్టుకుందాం, కాస్త నిలదొక్కుకున్నాక అన్నాడు. నిలదొక్కుకోవడం అన్నది ఎప్పటికి అవుతుందో చెప్పేది వ్యాపారి ఒక్కడే. మళ్ళీ ఆమె అడగలేదు. ట్రైనింగ్ మొదలయ్యే సెప్టెంబరు వచ్చింది, పోయింది. అందులో పాపమేముంది? కాదనకుండా కాదనిపించడం వ్యాపారమంతా. చెడ్డమాట అనకుండా పని జరిగితే ఎవరికీ దెబ్బ తగిలినట్టు కాదు.

చదువు మాత్రం ఆమె వదల్లేదు, దాన్ని తెచ్చి కొడుకులో పోసింది. స్కూలు నుంచి రాగానే వాడు గల్లా పక్కన ఎత్తు స్టూలు మీద. అట్టపెట్టెల వెనక వైపు లెక్కలు. ఒక చేత్తో బెండకాయలు తూచి, ఒక చేత్తో పెన్సిలు పట్టి, కస్టమరు లేనప్పుడు ఇద్దరూ ఒకే అట్ట మీద వంగి, "నో, మమ్, లుక్", "ఆగు ఆగు, లెట్ మీ సీ", మధ్యలో పగలబడి నవ్వులు. లెక్కలో నవ్వడానికి ఏముంటుంది? మల్లికార్జున బియ్యం బస్తాల మీద లేబుళ్ళు అంటిస్తూ వినేవాడు. కూడికలు, తీసివేతలు, వడ్డీ, అసలు, తరుగు, వీటిలో అతన్ని మించినవాడు లేడు. వాళ్ళ లెక్కల్లో అంకెలే ఉండవు. సున్నకు దగ్గరగా పోతూ పోతూ సున్నను ముట్టుకోని వాటి గురించి మాట్లాడుకునేవాళ్ళు. తన కొట్టులో, తను అద్దె కట్టే గోడల మధ్య, తనకు ధర తెలియని సరుకు ఒకటి రోజూ చేతులు మారుతోంది. ఒకసారి దగ్గరికి పోయి, "ఏందిరా అంత నవ్వు, నాకూ చెప్పండి" అన్నాడు. వాడు తల్లి వైపు చూశాడు, ఆమె వాడి వైపు చూసింది. "ఊరికేనండీ" అంది. ఆ ఊరికే అన్న మాట పదేళ్ళయినా నాలుక మీద మిరియపు గింజలా ఉంది. ఇప్పుడా గింజ గుర్తుకు రావలసిన పని లేదు. లోపల గొంతులు పెరిగాయా? లేదు, మిషను దూరం పోయింది, అంతే. ఆదర్శ్ గొంతు మెల్లగా, మర్యాదగా, వాళ్ళ గొంతులాగే ఉంది. చూడకుండా వింటే ఎవరో తెల్లపిల్లవాడు. ఇందుకే కదా ఇంత.

ఇందుకేనా? నాగజ్యోతి మొహం వచ్చింది ఎదురుగా. కోనసీమ మనిషి, భర్తా తనూ సాఫ్ట్‌వేర్, శనివారం శనివారం కొట్టుకొస్తుంది. కూతురు మధులికకు ఈ యూనివర్సిటీలోనే తిన్నగా ఇంటర్ అవగానే సీటు వచ్చింది. అదే ఏడు ఆదర్శ్‌కి రాలేదు, ప్రవేశ పరీక్షలో వెంట్రుకవాసిలో పోయింది. నాగజ్యోతి గోంగూర కట్టలు ఎంచుతూ, "మీ అబ్బాయి ఇక్కడేనటగా అన్నయ్యగారూ చదివేది? పోనీలెండి. ఇంటి భోజనం, మీక్కూడా కొట్లో చేతిసాయం" అంది. నవ్వుతూనే అంది. ఎంచి ఎంచి లేత కట్టలే తీసుకుంది. మల్లికార్జున ఒక కట్ట ఉచితంగా వేసి పంపాడు, ఆ రాత్రి కడుపులో మంటకు మందు వేసుకున్నాడు. రెండో ఏడులోకి మారొచ్చన్న సంగతి కనిపెట్టింది రత్నకుమారే. ఎక్కడో చదివి, ఎవరికో ఫోన్లు చేసి, ఏ ఏ పాఠాలు ఇక్కడివీ అక్కడివీ కలుస్తాయో, ఏవి కలవవో, కలవనివి ఈస్టర్ సెలవుల్లో తనే కూర్చోబెట్టి చెప్పింది. మల్లికార్జున వాటా ఇందులో గిన్నె ఒక్కటే. నిజమే. కానీ వాటా చిన్నదైనా పెద్దదైనా, ముంచినప్పుడు మాత్రం అందరికంటే పెద్దగా కనబడుతుంది. ఆ వాటా ఆమె పేరు మీదికి మార్చేస్తే, అతని పేరు మీద ఏ మచ్చా ఉండదు. ఆమె పేరు ఏ కొట్టు బోర్డు మీదా లేదు కనక మచ్చ పడటానికి ఆమెకు చోటే లేదు. లెక్క ఎటు చూసినా సరిపోతోంది. మరి మళ్ళీ మళ్ళీ ఎందుకు వేస్తున్నాడు?

తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ లిండ్సే, పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, నార బట్టల్లో. వరండాలో ఇద్దరినీ చూసి నవ్వింది, ఆ నవ్వు రత్నకుమారి వరకే పోయింది. వంగి, ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటివాళ్ళతో చెప్పినట్టు ఇంగ్లిషులో చెప్పింది. మీరు అభ్యంతరం లేదంటే, ఒక్క రెండు నిమిషాలు, లోపలికి. మీ అబ్బాయి మీకు అర్థమయ్యేట్టు చెబుతాడు. రత్నకుమారి అర్థం కానట్టే మల్లికార్జున వైపు చూసింది. అంత బాగా చూస్తుందని అతను అనుకోలేదు. "లోపలికి రమ్మంటాండారు, పో" అన్నాడు. లేచింది, గడప దగ్గర తడబడింది. అది నటన కాదు, కళ్ళద్దాలు లేవు.

తలుపు మళ్ళీ బెత్తెడు సందుకు వచ్చి ఆగింది. మల్లికార్జున కుర్చీ జరుపుకున్నాడు.

గిన్నె ఏ ఉద్దేశంతో ఇచ్చారో అమ్మగారిని అడగమని ప్రొఫెసర్ గొంతు. ఆదర్శ్ తెలుగు వినపడింది, గోడలు పట్టుకుని నడిచే పిల్లవాడి తెలుగు. "అమ్మా, వాళ్ళు అడుగుతుంది... గిన్నె ఎందుకు ఇచ్చావ్ అని."

రత్నకుమారి తొందరపడలేదు. క్లాసులో పాఠం మొదలుపెట్టినట్టు, నిదానంగా, తెలుగులో చెప్పింది. "నేను ఇయ్యలేదని నీకు తెలుసు. ఇయ్యొద్దని మీ నాయనకు చెప్పినానని కూడా నీకు తెలుసు."

మల్లికార్జున వెన్ను నిటారు అయింది. ఇప్పుడు పోయింది, అంతా పోయింది అనుకున్నాడు.  లోపల ఆదర్శ్ ఇంగ్లిషు, నునుపుగా, ఆగకుండా: గురువు దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది మా ఆచారమని అమ్మ అంటోంది.

అవునవును అన్నట్టు ప్రొఫెసర్ గొంతు. ఇంకెవరో మగమనిషి కీబోర్డు మీద కొడుతున్నాడు. ఇక్కడ దాన్ని ఎలా తీసుకుంటారో ఆమెకు తెలుసా అని ప్రొఫెసర్ అడిగింది. ఆదర్శ్ అదీ తల్లికి చెప్పాడు.

"తెలుసు. నేనే చెప్పినా. అది మా అమ్మ ఇచ్చిన గిన్నె, దాంతోనే నీకు మొదటి ముద్ద పెట్టినా. అడక్కుండానే తీసుకుపోయినాడు. ఇంతకుముందు ఇంకోటి కూడా అడక్కుండానే తీసుకుపోయినాడు, నువ్వు చిన్నపిల్లోడివి, నీకు గుర్తుండదు. ఇప్పుడు నువ్వు మూడోది తీసుకుంటాండావు. తీసుకో. నీకు కావాలంటే నేను కాదనను. కానీ తీసుకుంటాండానని తెలిసి తీసుకో."

బయట గడ్డి మిషను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆదర్శ్ గొంతు అద్దం మీద జారిన నీటిలా వచ్చింది. అమ్మకు ఏమాత్రం తెలియదట. చాలా బాధపడుతోంది. క్షమించమంటోంది. తను అంతగా చదువుకోలేదు.

మల్లికార్జున కళ్ళు మూసుకున్నాడు. ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. కారులో తను నేర్పిన మాటే, కానీ అడిగితే చెప్పమన్నాడు. వాడు అడగకుండానే వేశాడు. ఉల్లిగడ్డలు తూచాక పైన ఒక గడ్డ వేసి కస్టమరు మొహం విప్పారేట్టు చేస్తామే, ఆ కొసరు వేశాడు. నేర్పితే వచ్చేది కాదది. రక్తంలో ఉండాలి. నా కొడుకు అనుకున్నాడు, ఆ అనుకోవడంలో ఎంత గర్వం ఉందో, అంత చలి కూడా ఉంది.

"ఆ మాట ఆయమ్మ అడగలేదు కదా నాయనా" అంది రత్నకుమారి, తెలుగులోనే, గొంతు పెంచకుండా. "ఊరికే ఎందుకు చేర్చినావు?"

ఏమంటోంది అని ప్రొఫెసర్. తన వల్ల నాకు ఏమైనా అవుతుందేమోనని అమ్మ భయపడుతోంది అని ఆదర్శ్. ప్రొఫెసర్ గొంతు మెత్తబడి నేలకు దిగింది. భయపడవద్దని చెప్పు, ఆమె తప్పేమీ లేదని చెప్పు, ఇలాంటి కొడుకు ఉన్నందుకు ఆమె గర్వపడాలని చెప్పు. "ప్రౌడ్‌గా ఉండమంటుంది, అమ్మా." "సరే" అంది రత్నకుమారి. కుర్చీ జరిగిన చప్పుడు. బయటికి వచ్చింది. కళ్ళు తడిగా లేవు. వచ్చి తన కుర్చీలో కూర్చుని చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది. మల్లికార్జున ఏదో ఒకటి అనాలనుకున్నాడు. బాగా చేసినావు అనాలా? ఎందుకట్ల మాట్లాడినావు అనాలా? ఎవరికీ అర్థం కాని భాషలో అన్న మాట అన్నట్టా, అననట్టా? సాక్షి లేని అప్పు లాంటిది. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మాత్రమే తెలుసు, కోర్టుకు పోతే నిలబడదు. నిలబడనిది ఉన్నట్టు కాదు. ఉన్నట్టు కాదని తేల్చుకుని, "నీళ్ళు తాగుతావా?" అన్నాడు. "ఆఁ, ఇవ్వండి" అంది. సీసా అందుకుని తాగింది. మామూలుగానే తాగింది. అతనికి ప్రాణం కుదుటపడింది.

లోపల గొంతులు మారిపోయాయి. బోర్డు మీద మార్కర్ కీచుమంటోంది. ప్రొఫెసర్ ఏదో అడుగుతోంది, ఆదర్శ్ ఏదో గీస్తున్నాడు, "ఓ, దట్స్ నైస్" అంటోంది ఆమె, ఇద్దరూ నవ్వారు. లెక్కలో నవ్వడానికి ఉండేదేదో ఈమె దగ్గరా ఉందన్నమాట. రత్నకుమారి తల ఒక్కసారి ఆ సందు వైపు తిరిగింది. పెదాలు కదిలాయి, లోపల వాడి కంటే ముందే ఏదో జవాబుకు చేరినట్టు. మళ్ళీ గోడ వైపు తిప్పుకుంది. కాసేపటికి తలుపు పూర్తిగా తెరుచుకుంది. ప్రొఫెసర్ మల్లికార్జునతో చెయ్యి కలిపి, సీటు సీటే, ఇందులో ఇక అనుమానం లేదు, అక్టోబరులో కలుద్దాం అంది. రత్నకుమారికి మాత్రం రెండు చేతులూ జోడించింది, ఎక్కడో చూసి నేర్చుకున్న నమస్కారం. రత్నకుమారి కూడా జోడించింది.

మెట్లు రాతివి, అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. ఆమె గోడ పట్టుకుని దిగుతోంది. ఆదర్శ్ రెండేసి మెట్లు దూకి, ఆగి, వెనక్కి తిరిగి, మొహం వెలిగిపోతూ, "మమ్, షి గేవ్ మి దిస్ ప్రాబ్లమ్, యూ విల్ లవ్ ఇట్" అని మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ఏ లెక్క విడినా మొదట ఆమెకు చెప్పాలి, చెప్పేదాకా వాడికి అది విడినట్టు కాదు. ఇంగ్లిషులో గబగబా చెప్పుకుపోతున్నాడు, చివరి నుంచి వెనక్కి వచ్చాననీ, ప్రొఫెసర్ ఆశ్చర్యపోయిందనీ, చేతులతో గాల్లో గీస్తున్నాడు. రత్నకుమారి చివరి మెట్టు దిగేదాకా ఆగింది.

"నాకు ఇంగ్లిషు రాదు నాయనా" అంది.

వాడు నవ్వాడు. "మమ్, ఇట్స్ ఓవర్. వియ్ ఆర్ అవుట్."

"రాదు. చదువు కూడా లేదు. నువ్వే చెప్పినావు కదా."

వాడి నవ్వు కొంతసేపు మొహం మీదే ఉంది, యజమాని వెళ్ళిపోయినా ఆర్పని దీపంలా. ఎగతాళి అనుకున్నాడు, ఆమె మొహం చూశాడు, కాదని తెలిసింది. "అమ్మా," అన్నాడు తెలుగులో. "ఒక లెక్క... అది... దానికి..." ఆగిపోయాడు. వాడి తెలుగులో అన్నం ఉంది, బూట్లు ఉన్నాయి, వస్తున్నా, పడుకుంటా, ఆకలేస్తోంది ఉన్నాయి. ఇది లేదు. ఈ ఒక్క విషయానికీ వాళ్ళిద్దరి మధ్య ఉన్న భాష ఇందాక గదిలో వాడే చెల్లదని చెప్పి వచ్చాడు. ఆమె ఎదురు చూసింది, ఓపికగా, కోపం ఏమీ లేకుండా.  "డాడ్, టెల్ హర్" అన్నాడు చివరికి, పందొమ్మిదేళ్ళవాడు, గొంతు పిల్లవాడిది అయిపోయి.

"ఏం చెప్పాల?" అన్నాడు మల్లికార్జున. ఆదర్శ్ చెప్పాడు. ఆరేడు వాక్యాలు చెప్పాడు, ఆగి ఆగి, సులువు చేసి. మల్లికార్జున శ్రద్ధగా విన్నాడు, ఒక్కటీ బుర్రకెక్కలేదు. అంకెల్లేని ఆ సరుకే, ఇన్నేళ్ళుగా తన కొట్టులో తన వెనకాల చేతులు మారిన సరుకు, ఇప్పుడు తిన్నగా తన చేతిలో పెట్టారు, మోయమని. భార్య వైపు తిరిగాడు. "ఏందో లెక్క చేసినాడంట. బాగా చేసినాడంట" అన్నాడు.

"మంచిది" అంది ఆమె. "పొద్దుట్నుంచి ఏం తినలేదు, ఏమన్నా తినమని చెప్పండి."

కొడుకు తన మొహంలోకి ఆశగా చూస్తున్నాడు. వీడికి తెలుగు అర్థమవుతుంది కదా, ఆమె అన్నది విన్నాడు కదా, మరి నా నోటి నుంచి ఏం కావాలి అనుకున్నాడు మల్లికార్జున. ఏం కావాలో తెలిసింది. ఇందాక తలుపు సందులోంచి నేర్చుకున్నదే. "షి ఈజ్ వెరీ హ్యాపీ" అన్నాడు.

ముగ్గురూ కారు వైపు నడిచారు. ఆమె వెనక సీటు తలుపు తీసుకుని కూర్చుంది. ఇంటికి రెండు గంటల దారి, ఆ తర్వాత అక్టోబరు దాకా మూడున్నర నెలలు, ఆ తర్వాత ఎన్నేళ్ళో. మల్లికార్జున తాళంచెవి తిప్పే ముందు, అలవాటు కొద్దీ, వచ్చిందేమిటో చూసుకున్నాడు. కొడుక్కి సీటు దక్కింది. పదిహేనేళ్ళుగా ఆ ఇద్దరి మధ్య తనకు దొరకని చోటు, ఇవాళ అతనికీ దక్కింది. దుబాసీగా.